రాతి మీద పట్టని ముక్క

అమ్మడి పెదనాన్నకి ఉన్నది ఒకటే పిచ్చి. ఊళ్లో ఎవరు పోయినా సరే, వెళ్లి ఆ పోయినవాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పి రావాలి. తెలిసినవాళ్లా కాదా అన్న పట్టింపు లేదు. పిలిచారా లేదా అన్న పట్టింపు అసలే లేదు. ఫలానా వీధిలో ఫలానావాళ్లు పోయారని చెవిన పడితే చాలు, నల్ల కోటు తొడుక్కుని, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని బయల్దేరేవాడు. ఎండ మండిపోతున్నా గొడుగు ఉండాల్సిందే. మనిషిని సాగనంపే వేళకి వాన రాకుండా ఉండదని ఆయన నమ్మకం. ఖర్మ కొద్దీ చాలాసార్లు వచ్చేది కూడా.

మంచి మాటంటే ఉత్తుత్తి పొగడ్త అనుకునేరు! అదే అయితే చిక్కే ఉండేది కాదు. పెదనాన్న అబద్ధం ఆడడు. పోయినవాడు ఎంత దుర్మార్గుడైనా, వాడి బతుకంతా గాలించి ఒక్క నిజమైన మంచి ముక్క ఏరి పట్టుకొచ్చేవాడు. వీధి వీధంతా హడలిపోయే ఇంటి ఓనరు ఒకాయన పోయాడు. అద్దెకున్నవాళ్లంతా సంతోషం బయటపడకుండా తలలు దించుకుని నిలబడ్డారు. పెదనాన్న ముందుకొచ్చి గొంతు సవరించుకుని, "ఈయన మెట్లెక్కే ముందు తప్పకుండా దగ్గేవారు. ఏనాడూ చాటుగా వచ్చి తిట్టలేదు" అన్నాడు. అద్దెకున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నిజమే మరి, దగ్గేవాడు.

వెనకవీధిలో చాడీలు తప్ప వేరే వ్యాపకం లేని ఒకావిడ పోయినప్పుడు, "ఈ తల్లి తనంతట తానుగా ఏ చాడీ కల్పించలేదు. విన్నవే చెప్పింది" అన్నాడు. ఆవిడ కూతురు ఏడుస్తూ ఏడుస్తూ పక్కున నవ్వి, మళ్లీ గుర్తొచ్చి ఏడుపందుకుంది. బెత్తం లేకుండా ఎవరూ చూసి ఎరగని లెక్కల మాస్టారు పోయినప్పుడు, "ఒకడి దెబ్బ ఇంకొకడికి వేయలేదు" అన్నాడు. పాత విద్యార్థులంతా అరచేతులు నిమురుకుంటూ ఒప్పుకున్నారు.

దీనివల్ల ఆయనకి ఊళ్లో గౌరవం ఎంత ఉందో, ఆయనంటే భయమూ అంతే ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్లు కిటికీలోంచి ఆ నల్ల గొడుగు కనపడితే చాలు, గుండె పట్టుకునేవాళ్లు. ఒకసారి పెదనాన్న దగ్గుమందు కోసం డాక్టరు దగ్గరికి వెళ్తే, బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచి నిలబడిపోయాడు.

"నాకు నయమైపోయింది! నువ్వు వెళ్లవయ్యా!"

"నేను నా దగ్గుకి వచ్చానండీ."

"నీ దగ్గు నీ ఇంట్లో దగ్గుకో. నా గురించి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నావా ఏంటి?"

"అబ్బే, మీకు ఇప్పటికే ఒకటి చూసి పెట్టాను" అన్నాడు పెదనాన్న, ధైర్యం చెబుతున్నాననుకుని. ఆ ముసలాయన మందు తీసుకోకుండానే ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

బట్టలు కుట్టే టైలరమ్మ అయితే మరీను. ఈయన కోటు గుండీ ఊడిందనో, చేతి అంచు చిరిగిందనో ఆవిడ కొట్టు మెట్టెక్కబోతే, "నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను, వెళ్లండి" అంటూ షట్టరు సగానికి దించేసేది. పెదనాన్న ఆ సగం షట్టరు ముందు కాసేపు నిలబడి, ఏదో చెప్పబోయి, గొడుగు సర్దుకుని వెనక్కి వచ్చేసేవాడు. ఊడిన గుండీ అలాగే ఉండేది.

ఇంట్లోనూ అదే వరస. ఆయన పెళ్లి చేసుకోలేదు. కుర్రతనంలో కొన్నాళ్లు మిల్లులో ఆవరణ ఊడ్చాడు, ఆ తర్వాత బస్సు డిపోలో పని చేసి రిటైరయ్యాడు. తమ్ముడింట్లో వీధివైపు గది ఆయనది. పొద్దున్నే పేపరు రాగానే చావుకబుర్లుండే వెనక పేజీ మడిచి పట్టుకునేవాడు. అమ్మడి అమ్మ టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, "బావగారూ, ఇవాళైనా ఎవరూ లేరని చెప్పండి. ఆ కోటు తడారక వారమైంది" అనేది. ఆయన పేజీ వెనక నుంచి, "ఒకాయన ఉన్నారమ్మా, పదకొండింటికి" అనేవాడు.

ఇక అమ్మడి సంగతి. పెదనాన్న నోట్లోంచి చెడ్డ మాట రానట్టే, ఆ పిల్ల నోట్లోంచి మంచి మాట వచ్చేది కాదు. కాలేజీలో చదువు. పొద్దున లేస్తే మీటింగులు, పోస్టర్లు, నినాదాలు. ప్రిన్సిపాలు దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా అందరినీ దులిపేసేది. పెదనాన్న ఆమెని పెంచాడు, ఎత్తుకుని తిప్పాడు, సైకిలు నేర్పాడు. అయినా ఇద్దరికీ ఒక్క విషయంలో పడేది కాదు. ఆ ఒక్క విషయం నాలుగు రోడ్ల కూడలిలో కోటు వేసుకుని, చెయ్యి ముందుకు చాపి నిలబడి ఉండేది.

అది మిల్లు యజమాని విగ్రహం. దాని ఎదురుగానే ఆయన నూలుమిల్లు, మూతపడి ఏళ్లయింది. పొగచూరిన గోడలు, అద్దాల్లేని కిటికీలు, ఎప్పుడూ ఆరని చెమ్మ. చాలా కాలం కిందట ఆ మిల్లు వడుకు గదిలో నిప్పంటుకుంది. పని మధ్యలో ఎవరూ బయటికి వెళ్లకుండా తలుపుకి బయట నుంచి తాళం వేసి ఉంది. లోపలున్న ఆడపిల్లల్లో ఒక్కరూ బయటపడలేదు. అప్పటి విచారణలో, తాళం వేసింది గేటు కాపలావాడని, అది యజమానికి తెలియకుండా జరిగిన పొరపాటని తేల్చారు. కాపలావాడి ఉద్యోగం పోయింది, పరువు పోయింది, కొన్నేళ్లకి ప్రాణం పోయింది. యజమాని మాత్రం నిండు నూరేళ్లూ బతికి పోయాడు. ఆయన కొడుకు తండ్రికి విగ్రహం పెట్టించాడు. కింద రాతి మీద చెక్కించాడు: 'ఏ పనీ ఇంకొకరికి వదలని మనిషి.'

అమ్మడూ, ఆమె స్నేహితులూ విగ్రహం దించాలని పట్టుబట్టారు. వాన లేదు, ఎండ లేదు, నినాదాల అట్టలు పట్టుకుని దాని కింద కూర్చున్నారు. ఊరు రెండుగా చీలింది. చరిత్రని తుడిచేస్తారా అని కొందరు, ఎవరి చరిత్ర అని కొందరు. కాఫీ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చునే అన్నదమ్ములు వేరే బల్లలకి మారారు.

"ఏ పనీ ఇంకొకరికి వదలని మనిషట!" అని ఒక సాయంత్రం అమ్మడు తడిసిన అట్ట గోడకి ఆనిస్తూ మండిపడింది. "ఏ భజనపరుడు వాగాడో ఆ మాట. దొరికితే కడిగేద్దును."

పెదనాన్నకి టీ పొలమారింది. అమ్మడి అమ్మ వచ్చి తల మీద తట్టింది.

చివరికి మున్సిపాలిటీవాళ్లు ఒక కమిటీ వేశారు. అందరి మాటా వింటారు, ఆ తర్వాత విగ్రహం ఉండాలో పోవాలో తేలుస్తారు. ఉండాలని తేలితే చుట్టూ దీపాలు పెట్టి, మిల్లు స్థలానికి కూడా ఆయన పేరే పెడతారు. ఇక మళ్లీ ఎవరూ కదిలించే వీలుండదు. చదువుకున్న పిల్లలు పుస్తకాల్లోంచి ఏం చెప్పినా, 'మీరు చూశారా?' అని ఒక్క ప్రశ్న వేస్తే నోరు మూసుకోవాల్సిందే. చూసినవాళ్లు కావాలి. ఆ రోజు ఆ మిల్లులో ఉండి, ఇంకా బతికి ఉన్న మనిషి ఊరు మొత్తానికీ ఒక్కడే మిగిలాడు. ఎవరి గురించీ చెడు చెప్పలేని పెదనాన్న.

"మన ఖర్మ!" అంది అమ్మడు.

తర్ఫీదు మొదలైంది. పెదనాన్న గదిలో, బకెట్లో నిలబెట్టిన గొడుగు టపటపా కారుతుంటే, అమ్మడు మంచం మీద, పెదనాన్న స్టూలు మీద కూర్చున్నారు. కమిటీ అధ్యక్షురాలి వేషం మైకుది. మైకు అంటే అమ్మడి క్లాసువాడు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు పడింది. వాడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని గొంతు వీలైనంత సన్నం చేశాడు. పక్కింటి కుక్క మొరిగింది.

"చెప్పండి పెద్దాయనా, మిల్లు యజమాని ఎలాంటివాడు?"

"చాలా జాగ్రత్త మనిషండీ."

"పెదనాన్నా!"

"జాగ్రత్త మనిషేనమ్మా. ఆ తాళం..."

అమ్మడు చటుక్కున మైకు వంక చూసింది. వాడి మొహం మాడిపోయింది. ఆ కాపలావాడు మైకుకి తాత, వాళ్లమ్మకి తండ్రి. ఆ అమ్మ ఎవరో కాదు, షట్టరు దించేసే టైలరమ్మే. చిన్నప్పట్నుంచీ 'తాళం వేసినవాడి కూతురు' అని ఊరంతా అంటుంటే తలొంచుకుని బట్టలు కుట్టుకుంది. అందుకే మైకు ముందే బతిమాలుకున్నాడు. కమిటీ ముందు ఏమైనా మాట్లాడండి, తాళం ఊసు మాత్రం ఎత్తకండి, అమ్మ వస్తుంది, ఆ మాట అంతమందిలో ఇంకోసారి వినడం ఆవిడ వల్ల కాదు అని.

"తాళం సంగతి వద్దని చెప్పానా లేదా?" అని అమ్మడు పళ్లు నూరింది.

"మరింకేం చెప్పనే?"

"కిటికీలకి మేకులు కొట్టించాడు కదా, గాలి కూడా ఆడకుండా. అది చెప్పు."

"కొట్టించారు" అని పెదనాన్న ఒప్పుకున్నాడు. కాసేపు ఆలోచించి, "మంచి మేకులు. ఒక్కటీ తుప్పు పట్టలేదు" అన్నాడు.

మైకు తల చేతుల్లో పెట్టుకున్నాడు.

"క్రూరుడు అను పెదనాన్నా. ఒక్కసారి. నా కోసం."

పెదనాన్న నిటారుగా కూర్చున్నాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. "క్రూ..." అన్నాడు. దగ్గొచ్చింది. నీళ్లు తాగాడు. మళ్లీ "క్రూ..." అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "రావట్లేదమ్మా" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

"పోనీ ఏదైనా! ఒకే ఒక్క చెడ్డ మాట! అంత మనిషిలో నీకు ఒక్క లోపం కూడా కనపడలేదా?"

పెదనాన్న చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"బూట్లు కిర్రుమనేవి" అన్నాడు.

మైకు లేచి వెళ్లిపోయాడు. గేటు దాకా వెళ్లి అక్కణ్నుంచే అరిచాడు, వీధంతా వినపడేలా: "ఆయన మన సాక్షా, వాళ్ల సాక్షా?"

అలా రోజూ నడిచింది. ఆయన 'జాగ్రత్త మనిషి' అని మొదలెట్టేవాడు, ఆమె మధ్యలోనే కత్తిరించేది. చివరికి అమ్మడు ఒక నిర్ణయానికి వచ్చింది. నువ్వు నిలబడి, 'ఆ రోజు నేను అక్కడ ఉన్నాను, అందరూ చనిపోయారు' అని ఆ ఒక్క ముక్క చెప్పి కూర్చో, అంతకు మించి నోరు తెరవకు అంది. పెదనాన్న సరేనన్నాడు. ఆ సరే అనడంలో ఏదో నలిగిన శబ్దం ఉంది కానీ, ఆ పిల్లకి వినే తీరిక లేదు.

కమిటీ రోజున పొద్దున్నించీ ముసురు. ఇద్దరూ ఒకే గొడుగు కింద మున్సిపాలిటీ హాలుకి నడిచారు. పెదనాన్న శ్మశానం కోటే వేసుకున్నాడు, ఉన్నది అదొక్కటే కాబట్టి. మూతపడ్డ మిల్లు గోడ పక్కగా వెళ్తుంటే అమ్మడికి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ల కష్టం ఈ మనిషి చేతిలో పడింది, ఈ మనిషికేమో నోరు తిరగదు.

"అసలు నీకెందుకు పెదనాన్నా ఈ పిచ్చి? చెడ్డవాణ్ని చెడ్డవాడంటే నీ సొమ్మేం పోతుంది?"

పెదనాన్న మిల్లు గోడ వైపు చూశాడు. "ఆ పిల్లలందర్నీ ఒకేచోట పూడ్చారమ్మా" అన్నాడు. "ఇలాగే వాన. మేనేజరు వచ్చి, 'వీళ్ల అజాగ్రత్త వల్లే ఇంత నష్టం జరిగింది' అని చెప్పి వెళ్లిపోయాడు. వాళ్ల మీద పడ్డ ఆఖరి మాట అది. అందులో ఒకమ్మాయి ఈల ఎంత బాగా వేసేదో! ఇంకొకామె దువ్వెన అడిగి తీసుకుంటే వెంట్రుకలు తీసి, తుడిచి మరీ ఇచ్చేది. ఎవరైనా చెబుతారేమోనని చూశాను. చీపురు పట్టుకున్న కుర్రాణ్ని, నన్నెవరు మాట్లాడనిస్తారు? అప్పట్నుంచీ, ఎవరైనా పోయారంటే కాలు నిలవదు."

అమ్మడు గొడుగు ఆయన వైపుకి జరిపింది.

హాల్లో కప్పు కారుతోంది. మూల ఒక బకెట్ పెట్టారు. ముందు వరసలో యజమాని కొడుకు, చిన్నయ్యగారంటారు ఆయన్ని, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. పక్కన ఆయన లాయరు. వెనక వరసలో టైలరమ్మ, మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. నల్ల కోటుతో, నల్ల గొడుగుతో పెదనాన్న లోపలికి రాగానే ఆవిడ అలవాటుగా గుండె మీద చెయ్యేసుకుంది.

అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. ఆవిడకి ఒక గుణం ఉంది, ఎవరి మాటా మధ్యలో తుంచదు. పొద్దున్నుంచీ ఎవరేం వాగినా చివరిదాకా విని, తలూపి, తర్వాతివాళ్లని పిలుస్తోంది. పెదనాన్న వంతు వచ్చింది.

"మీరు ఆ మిల్లులో పని చేశారా?"

"చేశానండి. ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. అందరూ చనిపోయారు" అన్నాడు పెదనాన్న, నేర్పిన పాఠం అప్పజెబుతూ. అని, బుద్ధిగా కూర్చోబోయాడు. అమ్మడు ఊపిరి వదిలింది.

"ఉండండి. యజమాని మీకు తెలుసా? ఎలాంటి మనిషి?"

ఇక అంతే. "చాలా జాగ్రత్త మనిషండీ!" అన్నాడు పెదనాన్న, మొహం విప్పారుతుండగా.

కుర్రాళ్ల బెంచీ మొత్తం మూలిగింది. మైకు గొణుక్కున్నాడు, అది చివరి వరస దాకా వినపడింది: "అయిపోయింది. కొంప మునిగింది."

సరిగ్గా అప్పుడే చిన్నయ్యగారు తలెత్తి పెదనాన్నని పరీక్షగా చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. లాయరు వైపు వంగి ఏదో అన్నాడు. లాయరు మొహం వెలిగిపోయింది. చిన్నయ్యగారు కోటు పట్టుకుని లాగుతున్నా ఆగకుండా లాయరు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ పెద్దాయన ఎవరో ఇప్పుడే తెలిసింది! యజమానిగారి అంత్యక్రియల్లో మాట్లాడిన మనిషి ఈయనే. విగ్రహం కింద చెక్కించిన మాట ఈయన చెప్పిందే! విగ్రహం దించాలన్నవాళ్లు తెచ్చుకున్న సాక్షే ఆ మాట అన్నాడంటే, ఇంకా వాదనేముందండీ?"

హాలు గొల్లుమంది. అమ్మడి చెవులు కాలిపోయాయి. ఆ భజనపరుడు తన ఇంట్లోనే, తన పక్క గదిలోనే టీ తాగుతున్నాడన్నమాట! చిన్నయ్యగారు ఇంకా లాయరు కోటు లాగుతూనే ఉన్నాడు. గెలుస్తున్న మనిషి ఎందుకలా లాగుతున్నాడో అమ్మడికి అర్థం కాలేదు.

"ఆ మాట మీదేనా?" అంది అధ్యక్షురాలు.

"నాదేనండి" అన్నాడు పెదనాన్న. "కానీ మొత్తం చెక్కలేదు. మొదటి ముక్క వదిలేశారు. రాతి మీద పట్టలేదేమో."

"ఏమిటా మొదటి ముక్క?"

పెదనాన్న భయం భయంగా అమ్మడి వైపు తిరిగాడు. "తాళం సంగతి వద్దందండీ మా అమ్మాయి."

"ఆయన్ని చెప్పనివ్వమ్మా" అంది అధ్యక్షురాలు. అమ్మడు నోరు తెరిచి, మూసుకుంది. ఆయన మాట తాను మధ్యలో తుంచకపోవడం ఆ పిల్లకి అదే మొదటిసారి.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. శ్మశానంలో నిలబడినట్టే నిలబడ్డాడు. "'ఈయన వడుకు గది తలుపుకి రోజూ తన చేత్తోనే తాళం వేసుకునేవారు, చెవి తన జేబులోనే పెట్టుకునేవారు, ఏ పనీ ఇంకొకరికి వదలని మనిషి.' ఇదండీ నేను చెప్పింది."

అధ్యక్షురాలు కలం పక్కన పెట్టి ముందుకి వంగింది.

"రోజూనా?"

"రోజూనండి. వేసి, ఒకసారి లాగి చూసుకునేవారు. అందుకేగా జాగ్రత్త మనిషి అంటాను."

"నిప్పంటుకున్న రోజు?"

"ఆ రోజు కూడా మర్చిపోలేదండి. నేను ఆ తలుపు ముందే ఊడుస్తున్నాను. 'పక్కకి జరుగు' అన్నారు, జరిగాను. తాళం వేశారు, లాగి చూశారు, చెవి కోటు జేబులో వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు."

"మరి కాపలాదారు వేశాడని విచారణలో..."

"ఆ తాళంచెవి కాపలా ఆయన చేతికి ఏనాడూ రాలేదండి. పొగ చూసి ముందు పరుగెత్తుకొచ్చింది ఆయనే. తలుపుని భుజంతో గుద్దాడు, గుద్దాడు, భుజం ఎముక చిట్లేదాకా గుద్దాడు. యజమానిని పిలుచుకొచ్చేసరికి అంతా అయిపోయింది."

వెనక వరసలో టైలరమ్మ లేచి నిలబడింది. మెడలోని టేపు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "మా నాన్న కుడి చెయ్యి పైకి లేచేది కాదని అమ్మ అనేది" అంది, ఎవరితోనో తెలియకుండా. "తాగి పడ్డాడని చెప్పేవాళ్లు ఊళ్లో అందరూ."

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదండీ?" అంది అధ్యక్షురాలు.

"చెప్పలేదా!" పెదనాన్నకి మొదటిసారి కోపం వచ్చినంత పనైంది. "విచారణకి నన్ను పిలవలేదు, పోన్లెండి. అంత్యక్రియల్లో ఊరంతా నిలబడి ఉండగా చెప్పానా? అందరూ తలలూపారు. చాలా బాగా చెప్పావన్నారు. కాపలా ఆయన పోయినప్పుడూ చెప్పాను. అక్కడ గొయ్యి తవ్వినాయన ఒక్కడే ఉన్నాడు, ఆయనకేమో చెవుడు. ఈ అమ్మకి చెబుదామని గుండీ తెంపుకుని మరీ కొట్టుకి వెళ్లాను. 'నాకేం కాలేదు, వెళ్లండి' అని షట్టరు వేసేది. మా అమ్మాయికి చెబుదామంటే తాళం ఊసెత్తనివ్వదు. నేనేం చెయ్యనండీ?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఏడుపులోకి జారింది. నవ్వింది టైలరమ్మే.

లాయరు మళ్లీ లేవబోయాడు. ఈసారి చిన్నయ్యగారు కోటు పట్టుకుని కూర్చోబెట్టేశాడు. తాను కర్ర ఊతంగా లేచాడు. "రాతి మీద చోటు సరిపోయింది" అన్నాడు మెల్లిగా. "ఆ ముక్క తీసేయమన్నది నేనే. విగ్రహం తీసేయండి." అని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి, ఆ ముసురులోకి వెళ్లిపోయాడు.

కమిటీ తర్వాత ఎన్ని కాగితాలు రాసిందో గానీ, ఊరికి సంబంధించినంతవరకూ ఆ కేసు అక్కడితో సరి. ఆ సాయంత్రం టైలరమ్మ పెదనాన్న ఒంటి మీది కోటు విప్పించుకుని, గుండీలన్నీ విప్పి మళ్లీ కుట్టింది, గట్టిగా ఉన్నవాటితో సహా. మైకు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించాడు. ఆ కాసేపూ వాడి గొంతు వినపడలేదు.

విగ్రహం దించే రోజున మబ్బు కమ్ముకుని ఉంది. క్రేను వచ్చింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు, కానీ మిల్లు గోడ వైపు చూస్తే ఎవరికీ చేతులు రాలేదు. అంతలో నల్ల కోటు తొడుక్కుని, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని పెదనాన్న వచ్చాడు.

"పెదనాన్నా, ఇక్కడెవరూ పోలేదు" అంది అమ్మడు.

"పోతున్నారు కదమ్మా."

"ఈయనకి నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు కదా!"

"నాది అయిపోయింది. అందుకే నిన్ను చెప్పమంటున్నాను."

"నేనా! వీడికా!"

"ఒక్కటి. అబద్ధం వద్దు."

అమ్మడు నడుం మీద చేతులు వేసుకుని విగ్రహాన్ని పైనుంచి కిందికి చూసింది. తాళ్లు బిగించారు. క్రేను మూలిగింది. చాపిన చెయ్యి చాపినట్టే ఆయన మెల్లిగా గాల్లోకి లేచి, అటూ ఇటూ ఊగి, ఓ వైపుకి ఒరిగి, లారీలో ఇసుక బస్తాల మీద చప్పుడు లేకుండా పడుకున్నాడు. అప్పటికీ పిల్లకి ఏమీ తట్టలేదు. పెదనాన్న గొడుగు విప్పి తల మీద పట్టి, తొందరేం లేదన్నట్టు ఎదురుచూస్తున్నాడు. చినుకులు మొదలయ్యాయి.

అమ్మడు గొంతు సవరించుకుంది.

"దిగేటప్పుడు మాత్రం, ఎవరి మీదా పడలేదు" అంది.

పెదనాన్న ఆ మాట నోట్లో వేసుకుని కాసేపు చప్పరించి చూశాడు. నిజమే. ఎవరి మీదా పడలేదు.

"చాలు తల్లీ" అన్నాడు. "మొదటిసారికి బ్రహ్మాండంగా చెప్పావు."